పళ్లూడిన పిల్లలు గైర్హాజరు

పిల్లలకు చదువు చెప్పడం ఎలా అన్న ప్రశ్నకు మానవజాతి ఇంకా జవాబు వెతుకుతూనే ఉంది గానీ, ఆ చదువును కొలవడం ఎలా అన్న ప్రశ్నకు మాత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల దుకాణం పై అంతస్తులో తిరుగులేని జవాబు దొరికింది. అక్కడ 'ప్రాథమిక పాఠశాలల నాణ్యతా నిర్ధారణ, శ్రేణీకరణ మరియు పునఃశ్రేణీకరణ విభాగం' ఉంది. (పేరంతా బోర్డు మీద పట్టక చివరి రెండు మాటలు పక్కగోడ మీద రాయించారు.) జనం దాన్ని ర్యాంకులాఫీసు అంటారు.

ఆ ఆఫీసును ఇక్కడే పెట్టడంలో దూరదృష్టి ఉంది. చైతన్యపురిలో మెట్రో దిగి తలెత్తితే చాలు, ప్రతి కోచింగ్ సెంటర్ హోర్డింగు మీదా ఒకటి, ఒకటి, ఒకటి అని ర్యాంకులు కనిపిస్తాయి. ఒకే పరీక్షలో అంతమందికి మొదటి ర్యాంకు ఎలా వచ్చిందని ఎవరూ అడగరు. అలా అడిగే పిల్లలకు ర్యాంకులు రావు. ఇలాంటి గాలి వీచే చోట ప్రాథమిక పాఠశాలలు మాత్రం ఏ ర్యాంకూ లేకుండా, ఊరికే అక్షరాలు నేర్పుకుంటూ కూర్చోవడం విభాగాన్ని కలచివేసింది.

పూర్వం తనిఖీ అంటే ఇన్‌స్పెక్టరు గారు వచ్చి, ఒక పిల్లవాణ్ని లేపి, ఏడో ఎక్కం అప్పజెప్పించుకుని, చాయ తాగి వెళ్లేవారు. ఈ పద్ధతిలో పెద్ద లోపం ఒకటుండేది. ఇన్‌స్పెక్టరు పిల్లలను చూసేవారు. చూస్తే అభిప్రాయం కలుగుతుంది, అభిప్రాయం శాస్త్రీయం కాదు. అందుకని విభాగం 'బడిదర్పణం' అనే యాప్ చేయించింది. అందులో ప్రతి బడీ వంద మార్కులతో మొదలవుతుంది. తనిఖీలో లోపం నమోదైనప్పుడల్లా మార్కులు తెగుతాయి. (నెగెటివ్ మార్కింగ్ అంటే ఏమిటో ఈ ప్రాంతంలో ఊయలలోని పాపకు కూడా తెలుసు కాబట్టి ఎవరికీ విడమరచి చెప్పలేదు.) మధ్యంతర ర్యాంకుల తరవాత లెక్క మళ్లీ వంద నుంచి మొదలై, ఏడాది చివర అసలు జాబితా వస్తుంది. అందులో చివరి ర్యాంకు బడిని మూసి, మొదటి ర్యాంకు బడిలో విలీనం చేస్తారు. పక్కపక్కన కూర్చోబెడితే మంచి బడి నాణ్యత చెడ్డ బడికి అంటుకుంటుందని సిద్ధాంతం. గజ్జి విషయంలో ఇది ఎప్పుడో రుజువైంది.

గుర్రంబావి కాలనీ ప్రాథమిక పాఠశాల ఎల్బీనగర్ దాటాక, విజయవాడ హైవేకు ఇటుపక్కన ఉంది. రెండు గదులు, ఒక వరండా. ప్రధానోపాధ్యాయురాలు రెబెక్క చాలా ఏళ్లుగా అక్కడే ఉంది. ఆమెకు పాఠ్యపుస్తకం మీద పెద్ద నమ్మకం లేదు. కిరాణా పొట్లాలు, దవాఖాన చిట్టీలు, బస్సు బోర్డులు, పెళ్లి పత్రికలు, ఏది దొరికితే అది పిల్లల ముందు పెట్టి చదివించేది. ఆమె దగ్గర రెండో తరగతికి వచ్చిన పిల్ల ఏదైనా చదివేది. ఈ విషయం నమోదు చేయడానికి యాప్‌లో చోటు లేదు. రెండో ఉపాధ్యాయుడు విజయ్ కుమార్. లెక్కలు చెప్పడానికి నియమితుడై, ఫోటోలు పంపడానికి వినియోగంలో ఉన్నాడు.

దసరా సెలవుల తరవాత మధ్యంతర ర్యాంకులు వచ్చాయి. హైవేకు అటుపక్కనున్న శాంతివనం కాలనీ సర్కారు బడికి మొదటి ర్యాంకు. గుర్రంబావి కాలనీ బడికి చివరి ర్యాంకు. కారణం దగ్గర 'హాజరు లోపం' అని ఉంది. రెబెక్క తలెత్తి గదిలోకి చూసింది. గది నిండా పిల్లలు. కూర్చోవడానికి చోటు చాలక ఇద్దరు గడపలో ఉన్నారు.

ఆమె మరునాడు ర్యాంకులాఫీసుకు వెళ్లింది. ఉపసంచాలకురాలు అరుణజ్యోతి ఆమెను మర్యాదగా కూర్చోబెట్టి, మంచినీళ్లు తెప్పించారు.

"మీ బడికి సగం మంది పిల్లలు రావట్లేదు మేడం," అన్నారు.

"అందరొస్తున్నరు మేడం. యాప్ గుర్తు పడ్తలేదు."

"ఎందుకు గుర్తుపట్టదు?"

"పళ్లు ఊడినయి."

అరుణజ్యోతి కలం కింద పెట్టారు. "ఎవరికి?"

"పిల్లలకు. జూన్‌ల మొఖాల ఫోటోలు తీసినప్పుడు పళ్లుండె. ఇప్పుడు ఒకటో క్లాసు, రెండో క్లాసు పిల్లలకు ముందల పళ్లు లేవు. నవ్వితే యాప్‌కు వేరే పిల్లల్లెక్క కనబడ్తున్నరు."

"అయితే నవ్వకుండా చూడండి."

"నవ్వకపోతే 'ఆనందకర వాతావరణం' కింద మార్కులు కట్ అయితున్నయి మేడం."

అరుణజ్యోతి చెడ్డ మనిషి కాదు. సమస్య ఉందని ఒప్పుకున్నారు. వారం తిరక్కుండానే అన్ని బడులకూ సర్క్యులర్ పంపారు. దాని ప్రకారం పిల్లల దంతాల్లో రాబోయే మార్పులను ప్రధానోపాధ్యాయులు ముందుగానే విభాగానికి తెలియజేయాలి. అనుమతి లేకుండా ఊడిన పన్నును భద్రపరిచి తనిఖీ అధికారికి చూపాలి. ఊడిన పన్నును ఇంటికప్పు మీదికి విసిరే ఆచారాన్ని తల్లిదండ్రులు విద్యాసంవత్సరం ముగిసేవరకు వాయిదా వేసుకోవాలి. ప్రతి పిల్లకూ ఏడాదిలో ఒకసారి మాత్రం కొత్త మొఖం నమోదు చేసుకునే అవకాశం కల్పించడమైనది.

రెబెక్క తల్లిదండ్రులను పిలిచి విలీనం సంగతి చెప్పింది. వరండాలో కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది నల్లగొండ పల్లెల నుంచి వచ్చి ఇక్కడ కిరాయి ఇళ్లలో ఉంటున్నవాళ్లే. ముందు వరసలో యాదలక్ష్మి ఉంది. చైతన్యపురిలో ఒక ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. భర్త లింగస్వామి సరుకుల డీసీఎం వ్యాను నడుపుతాడు. వాళ్ల కూతురు సింధు రెండో తరగతి.

"గా రోడ్డు నేనే దాటలేను టీచరమ్మా," అంది యాదలక్ష్మి. "లారీలను చూస్తే నాకే కాళ్లు వణుకుతయి. మా పోరి ఎట్ల దాటుతది?"

"అటు బ్రిడ్జి లేదా టీచర్?" అని ఎవరో అడిగారు.

"లేదు. ఫైనల్ తనిఖీ ఇంకా ఉన్నది," అంది రెబెక్క. "జనవరిల పిల్లలందరి ఫోటోలు కొత్తగ దింపుతం. గప్పటి నుంచి తనిఖీ అయ్యేదాక పిల్లల మొఖాలు జర మారకుండ చూసుకోండ్రి."

పిల్లల మొఖాలు మారకుండా చూసుకోవడం ఎలాగో ఆమె చెప్పలేదు. సర్క్యులర్‌లో కూడా లేదు.

జనవరిలో విజయ్ కుమార్ ఒక్కొక్కరినీ గోడకు నిలబెట్టి ఫోటోలు తీశాడు. పిల్లలు బోసినోళ్లతో బుద్ధిగా నవ్వారు. విభాగం ఆమోదించింది. అక్కడి నుంచి రోజూ హాజరు నిండుగా పడింది. రెబెక్క ఫోను తీసి ర్యాంకు చూసుకోవడం మానేసి, మళ్లీ పెళ్లి పత్రికలు చదివించడం మొదలుపెట్టింది.

అంతలో మాఘమాసం వచ్చింది. నల్లగొండ దగ్గర చెర్వుగట్టు శివుడి జాతర వచ్చింది. కాలనీలో ఇంచుమించు అన్ని గడపలకూ తాళాలు పడ్డాయి. సోమవారం పొద్దున రెబెక్క గదిలోకి అడుగుపెట్టేసరికి వరసగా గుండ్లు. నున్నగా గీసి, గంధం పూసిన గుండ్లు. విజయ్ కుమార్ ఫోను ఎత్తి, ఒక్కొక్క గుండుకూ ఎదురుగా పెట్టి చూశాడు. చర్చికి పోయే ఇళ్ల పిల్లలు రూబీ, అభిలాష్ మాత్రం జుట్టుతో ఉన్నారు. యాప్ వాళ్లిద్దరికే హాజరు వేసింది.

సాయంత్రం సింధును తీసుకుపోవడానికి వచ్చిన యాదలక్ష్మిని రెబెక్క పక్కకు పిలిచింది.

"ఒక్క నెల ఆగితే అయిపోవు గద యాదలక్ష్మీ. తనిఖీ అయినంక తీయించేది."

"వానకాలం దీనికి డెంగీ వచ్చి దవాఖానల పడ్డది సూడు టీచరమ్మా, గప్పుడు మొక్కిన. బిడ్డ లేస్తే గుండు జేయిస్త అన్న. దేవుడు ఒక నెల ఆగి ఇస్త అన్నడా? రెండో దినమే జ్వరం దిగింది. ఇయ్యాల నేనెట్ల ఆగుత?"

ఆ వానాకాలం రెబెక్క కూడా చర్చిలో మోకాళ్ల మీద కూర్చుని ఇదే పిల్ల పేరు చెప్పి ప్రార్థించింది. (ఆ ప్రార్థన ఫలించినందుకు గుండు అక్కర్లేదు కాబట్టి యాప్ దాన్ని పసిగట్టలేకపోయింది.) ఆమె సింధు గుండు మీద చెయ్యి వేసి నిమిరింది. గంధం ఎండి గరుకుగా, వెచ్చగా ఉంది.

"సల్లగుంటది టీచర్," అంది సింధు.

కొత్త ఫోటోల కోసం విజయ్ కుమార్ దరఖాస్తు పెట్టాడు. ఈ విద్యార్థులు ఈ ఏటి మొఖాన్ని ఇప్పటికే వాడుకున్నారని జవాబు వచ్చింది.

చివరి తనిఖీకి సాంబమూర్తి గారు వచ్చారు. తెనాలి వైపు మనిషి. ఎప్పుడో వచ్చి కొత్తపేటలో స్థిరపడ్డారు. ఒకప్పుడు ఆయన కూడా బడిపంతులే. బాగా చెప్తారని పేరు రావడంతో, చెప్పడం మాన్పించి తనిఖీకి పంపారు. ఈమధ్యనే కంటికి శుక్లాల ఆపరేషన్ అయి నల్లకళ్లద్దాలు పెట్టుకున్నారు. వరండాలో నిలబడి అద్దాలు తీసి ఫోనులోకి చూశారు. ఫోను ఆయనను గుర్తుపట్టి నమస్కారం చెప్పింది. అద్దాలు తుడుచుకుని మళ్లీ పెట్టుకుని గదిలోకి వచ్చారు.

గది నిండుగా ఉంది. ఆయన ఫోను ఆ చివర నుంచి ఈ చివర దాకా తిప్పారు.

"ఇద్దరు వచ్చారమ్మా," అన్నారు.

"సార్, మీ ముందలే ఉన్నరు గద అందరు," అంది రెబెక్క.

"ఉన్నారమ్మా. కనపడుతూనే ఉన్నారు. కానీ కనపడింది రాసే రోజులు పోయాయి. నా పని ఇది చెప్పింది చూడ్డమే."

"జాతరకు పోయి గుండ్లు చేయించుకొని వచ్చిండ్రు సార్. పిల్లలు వాళ్లే."

"మా వీధిలోనూ పోయొచ్చారు. నాకు తెలీదంటారా?" ఆయన గొంతు తగ్గించారు. "నేను చెయ్యగలిగింది ఏమీ లేదండీ. పోనీ, ఎవరైనా చదువుతారేమో చూద్దాం. అభిలాష్, లే నాన్నా."

అభిలాష్ లేచి, తడబడకుండా ఒక పేజీ చదివాడు. రూబీ ఇంకో పేజీ చదివింది. సాంబమూర్తి తలూపుతూ టిక్కులు పెట్టుకున్నారు. అప్పుడు వెనక వరసలోంచి సింధు చెయ్యెత్తింది.

"నేను సదువుత సార్."

"నువ్వు రాలేదమ్మా," అన్నారు సాంబమూర్తి, కాస్త ఇబ్బందిగా.

"ఒచ్చిన సార్. గీడనే ఉన్న."

ఆయన తలదించుకున్నారు. సింధు దాన్ని అనుమతి అనుకుంది. లేచి ముందుకొచ్చి, బల్ల మీద కనిపించిన కాగితం తీసింది. అది మధ్యంతర ర్యాంకు చూసి ర్యాంకులాఫీసు పంపిన విలీనం నోటీసు. రెబెక్క చెయ్యి చాచి, మళ్లీ వెనక్కి తీసుకుంది.

సింధు నిలబడి చదివింది. ముందు పళ్లు లేక కొన్ని అక్షరాలు గాలిగా వచ్చాయి గానీ ఎక్కడా ఆగలేదు. నాణ్యతా నిర్ధారణ చదివింది. శ్రేణీకరణ చదివింది. పునఃశ్రేణీకరణ దగ్గర ఒక్క క్షణం ఊపిరి తీసుకుని అదీ చదివింది. (ఆ మాటను విభాగంలోనే ఒక్క గుక్కలో పలికినవాళ్లు అరుదు.) 'మీ పాఠశాలను శాంతివనం కాలనీ పాఠశాలలో విలీనం చేయుటకు ప్రతిపాదించడమైనది' అనే వాక్యం ముగించి తలెత్తింది.

"విలీనం అంటే ఏంది సార్?"

"కలపడం అమ్మా."

"ఏం కల్పుతరు?"

"మీ బడిని తీసుకెళ్లి ఆ బడిలో కలుపుతారు."

"మరి గప్పుడు గీ బడి ఏడుంటది?"

సాంబమూర్తి ఫోను వైపు చూశారు. అందులో దీనికి జవాబు లేదు. పిల్లలందరూ ఆయన వైపే చూస్తున్నారు. ఆయన కుర్చీలో కూర్చున్నారు. తరవాత, "ఎవరు నేర్పారమ్మా నీకిట్లా చదవడం?" అని అడిగారు.

"టీచర్ నేర్పింది. ఫస్ట్ పొట్లం కాగితాలు సదివిచ్చింది."

నిబంధనల ప్రకారం, రాని పిల్ల చదివినదాన్ని లెక్కలోకి తీసుకోరాదు. సాంబమూర్తి తీసుకోలేదు. హాజరు లోపం, పఠన లోపం అన్నీ యాప్‌లో ఎలా చూపిస్తే అలాగే నింపారు. ఇక మిగిలింది ఒక్కటే. తనిఖీ చేసిన అధికారి తన మొఖం చూపించి అంతా పంపాలి. ఆయన నల్లకళ్లద్దాలతోనే ఫోనులోకి చూశారు. అధికారి గైర్హాజరు, అంది ఫోను. ఇంకోసారి చూశారు. మళ్లీ అదే మాట.

"అద్దాలు తీయాలె సార్," అన్నాడు విజయ్ కుమార్.

"డాక్టరు తియ్యొద్దన్నారండీ."

"పొద్దున తీసిండ్రు గద సా..."

రెబెక్క విజయ్ కుమార్ వైపు చూసింది. అతను మాట మింగేసి, చాయ చెప్పడానికి బయటికి వెళ్లిపోయాడు.

సాంబమూర్తి చాయ తాగారు. ఫోను జేబులో పెట్టుకున్నారు. వెళ్తూ వెళ్తూ సింధు గుండు మీద చిన్నగా తట్టి, "కళ్లకు మంచిది కాదమ్మా వెలుతురు," అన్నారు, ఎవరూ అడగకపోయినా. గైర్హాజరైన పిల్లలను గైర్హాజరైన అధికారి తనిఖీ చేసిన ఆ ఉదయం అధికారికంగా జరగలేదు. సాయంత్రానికి గడువు ముగిసింది.

జాబితా విడుదల రోజున బాలాపూర్ వినాయకుడి లడ్డూ వేలం నాడు చూసినట్టు చూశారు జనం, ఫోన్ల చుట్టూ మూగి. గుర్రంబావి కాలనీ బడికి వందకు వంద. మొదటి ర్యాంకు. చివరి తనిఖీలో ఏ లోపమూ నమోదు కాలేదు కాబట్టి ఏ మార్కూ తెగలేదు. పొరపాటు జరిగిందని అరుణజ్యోతికి వెంటనే అర్థమైంది. కానీ జాబితాను సరిచేయాలంటే యాప్ తప్పు చేయగలదని ముందు కాగితం మీద ఒప్పుకోవాలి. అలా ఒప్పుకోవడానికి విభాగంలో పద్ధతి లేదు. ఆమె సంతకం పెట్టి, అభినందనలు పంపారు.

బడిలో పండగ చేశారు. విజయ్ కుమార్ బ్యానర్ కట్టించాడు. యాదలక్ష్మి హాస్టల్ నుంచి పెద్ద గిన్నె అడిగి తెచ్చి సేమ్యా పాయసం వండింది. గుండ్ల మీద అప్పుడే జుట్టు మొలుస్తున్న పిల్లలు చేతులు, మూతులు పాయసం చేసుకుని వరండా అంతా పరిగెత్తారు. రెబెక్క గ్లాసు పట్టుకుని, ఫోనులో జాబితాను పైనుంచి కిందికి జరుపుతూ పోయింది. కింద ఆగింది.

"ఏమైంది టీచరమ్మా?" అంది యాదలక్ష్మి.

"చివరి ర్యాంకు శాంతివనంకు వచ్చింది."

దానికి కారణం కూడా సబబైనదే. మధ్యంతరంలో మొదటి ర్యాంకు వచ్చినప్పటి నుంచి ఆ బడిని ఆదర్శంగా చూపించడానికి జిల్లా నలుమూలల నుంచి బృందాలను పంపారు. వచ్చిన ప్రతి బృందమూ ఖాళీ చేతులతో పోవడం బాగుండదని యాప్‌లో ఒక్కో లోపం రాసిపోయింది.

"అంటే గా పిల్లలు ఇటు ఒస్తరా?"

"వస్తరు."

"గా రోడ్డు దాటేనా?"

"ఇంకెట్ల వస్తరు?"

యాదలక్ష్మి గరిటె గిన్నెలో పెట్టేసింది. "వాళ్ల తల్లులు గూడ మనసొంటోళ్లే గద టీచరమ్మా," అంది.

జూన్‌లో శాంతివనం బడికి తాళం వేశారు. అక్కడి పిల్లలు భుజాన సంచులతో హైవే అవతలి అంచున గుంపుగా నిలబడ్డారు. ఇవతలి నుంచి రెబెక్క చెయ్యెత్తి లారీలకు ఎదురెళ్లింది. ఆమెకు ఒక పక్క విజయ్ కుమార్, ఇంకో పక్క యాదలక్ష్మి. ఆ రోడ్డంటే కాళ్లు వణికే మనిషి, వణుకుతూనే మధ్యలోకి వెళ్లి నిలబడేది. హాస్టల్లో టిఫిన్ ఆలస్యమవుతోందని వార్డెన్ రెండుసార్లు మందలించింది. మూడోసారి ఇంకో వంటామెను చూసుకుంటానంది. ఆ తరవాత యాదలక్ష్మి రాలేకపోయింది.

పిల్లలందరినీ ఇవతలికి చేర్చి, రెండు గదుల్లోకి సర్ది, మిగిలినవాళ్లను వరండాలో కూర్చోబెట్టేసరికి పొద్దెక్కేది. పెళ్లి పత్రికలు చదివించడానికి తీరిక ఉండేది కాదు. వానలు మొదలయ్యాక ఒక ఉదయం శాంతివనం పిల్లవాడు మహేష్ చెయ్యి విడిపించుకుని ముందుకు ఉరికాడు. పక్కనుంచి వచ్చిన బైకు తగిలి కాలు విరిగింది. రెబెక్క వాణ్ని ఎత్తుకుని ఆటోలో దవాఖానకు తీసుకెళ్లింది. దారి పొడుగునా వాడు ఏడవలేదు. "హాజరు పోతదా టీచర్?" అని మాత్రం అడిగాడు.

ఆ రాత్రి నిద్రపట్టక, పొద్దున్నే ఆమె విభాగానికి ఉత్తరం రాసింది. ఇంగ్లీషు మాటలు, నిబంధనల నంబర్లు ఏమీ లేకుండా, జరిగింది జరిగినట్టు రాసింది. శాంతివనం బడిని తిరిగి తెరవాలని, లేదా హైవే మీద పిల్లలు దాటడానికి వంతెనైనా కట్టించాలని వేడుకుంది.

విభాగం ఎంతో సానుభూతితో పరిశీలించి, జవాబు పంపింది. వంతెన తమ పరిధిలోకి రాదు. తాళం తీయడం పునఃశ్రేణీకరణ కిందికి వస్తుంది, అది వచ్చే ఏడాది గానీ జరగదు. అయినప్పటికీ పిల్లలు పడుతున్న శ్రమను గుర్తించి, రోజూ హైవే దాటడాన్ని శారీరక విద్యగా పరిగణించి, దాటే ప్రతి పిల్లకూ ఒక మార్కు చొప్పున బడికి అదనంగా మంజూరు చేశారు. దీంతో గుర్రంబావి కాలనీ బడి వంద మార్కులు దాటిన మొట్టమొదటి బడి అయింది.

మహేష్ పేరు మీద రావలసిన మార్కును మాత్రం, అతను రోడ్డు పూర్తిగా దాటలేదు కాబట్టి, కలపలేదు.